వాహనాల మైలేజీ నియంత్రణ, కొనేవారి స్వేచ్ఛ

లీటరు ఇంధనంతో మోటారు వాహనం కనీసం ఇంత దూరం నడవాలని ప్రభుత్వం కట్టడి చేయడాన్ని ఇంధన సామర్థ్య నియంత్రణ అంటారు. జనం వాడుకలో అది మైలేజీ. నచ్చిన బండిని, నచ్చిన ఇంధనాన్ని ఎంచుకునే హక్కు కొనేవాడిదా, లేక దేశం చమురు ఖర్చునూ గాలినీ దృష్టిలో పెట్టుకుని సర్కారు గీత గీయాలా అన్నది ఈ నియంత్రణ పుట్టిన నాటి నుంచీ నడుస్తున్న వాదం. భారతదేశంలో ఈ కథ ఢిల్లీ గెజిట్లలో కనిపిస్తుంది. దాని ఫలితం తెలియాలంటే మాత్రం రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం లాంటి ఊళ్లను చూడాలి.

కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం పేరు మోస్తున్న ఈ పట్టణం నాగార్జునసాగర్ రోడ్డు మీద, హైదరాబాద్‌కు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. నగరాన్ని చుట్టిన ఔటర్ రింగు రోడ్డును సాగర్ రోడ్డు బొంగులూరు గేటు దగ్గర దాటుతుంది. ఇబ్రహీంపట్నం దానికి అవతలి పక్క. పొద్దున్నే బండి మీద నగరానికి పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చే ఉద్యోగులు, కూలీలు, కాలేజీ పిల్లలు ఇక్కడ ఎక్కువ. రానూపోనూ 60 కిలోమీటర్లు వేసుకుంటే, లీటరుకు 40 ఇచ్చే బండికి రోజుకు లీటరున్నర పెట్రోలు కావాలి. 55 ఇచ్చే బండికి లీటరుకు కాస్త ఎక్కువ చాలు. లీటరు 107 రూపాయల లెక్కన, నెలకు పాతిక రోజులకు తేడా దాదాపు 1,100 రూపాయలు. కొత్త బండి ఇంటి ముందు ఆగగానే పక్కింటివాళ్లు రంగు, ధర కంటే ముందు "ఎంతిస్తది?" అని అడిగేది అందుకే. ఏ చట్టమూ రాకముందే ఇక్కడ మైలేజీ చట్టంలా నడిచింది.

బొగ్గు బస్సులు, వెయిటింగ్ లిస్టులు

ఇంధనం మీద ప్రభుత్వ అదుపు ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషను పెట్టారు. తెలుగు జిల్లాల్లో వెనకాల బొగ్గు కొలిమి కట్టుకుని, ఆ గ్యాసుతో రొప్పుతూ నడిచే బస్సులు వచ్చాయి. బొగ్గు బస్సు అన్న మాట ఆ తరం వాళ్ల జ్ఞాపకాల్లో ఇప్పటికీ ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత కట్టడి ఇంధనం మీద నుంచి బండి మీదకు మారింది. ఏ కంపెనీ ఏ వాహనం ఎన్ని తయారు చేయాలో లైసెన్సులు నిర్ణయించాయి. కారంటే అంబాసిడరో పద్మినియో. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. కొనేవాడి స్వేచ్ఛ అతి తక్కువగా ఉన్న కాలమేదంటే అదే. అయినా నాటి నియంత్రణలో మైలేజీ ఊసే లేదు. అమ్ముడుపోతుందన్న భరోసా ఉన్నవాడికి ఇంజను మెరుగుపరిచే అవసరం ఏముంటుంది?

మార్పు 1980ల్లో వచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800, 1985లో హీరో హోండా సీడీ 100 రోడ్డెక్కాయి. నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజనుతో సీడీ 100 లీటరుకు 80 కిలోమీటర్లు నడుస్తుందన్న ప్రచారం మధ్యతరగతిని గెలుచుకుంది. ఆ గెలుపు పోటీ వల్ల వచ్చింది, ఆంక్ష వల్ల కాదు. నియంత్రణ వద్దనేవారి చేతిలో ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

అదే 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 కథ వేరు. రెండు స్ట్రోకుల ఆ బండి చప్పుడుకూ దూకుడుకూ కుర్రకారు ప్రాణమిచ్చింది. పొగ నిబంధనలు బిగుసుకున్నాక 1996లో దాని తయారీ ఆగింది. ఇరవై రెండేళ్ల తర్వాత, 2018లో, దాని పేరుతో ఒక తెలుగు సినిమా వచ్చి ఆడిందంటే జనం మనసులో ఆ బండి ఎంత నాటుకుందో తెలుస్తుంది. కోరుకున్న వస్తువును నిబంధన బజారు నుంచి తీసేయడమంటే ఏమిటో తెలుగు యువతకు మొదట తెలిసింది బహుశా ఆ బండితోనే.

అమెరికా చట్టం, అందులోని కంత

మైలేజీని చట్టంగా రాసిన తొలి పెద్ద దేశం అమెరికా. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక బంకుల ముందు బారులు తీరిన కార్లను చూసి ఆ దేశం ఉలిక్కిపడింది. 1975 డిసెంబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఇంధన విధాన, పొదుపు చట్టం మీద సంతకం చేశారు. 1978 మోడల్ కార్లు సగటున గ్యాలనుకు 18 మైళ్లు, 1985 నాటికి 27.5 మైళ్లు ఇవ్వాలన్నారు. మన లెక్కలో లీటరుకు 7.7, 11.7 కిలోమీటర్లు.

ఈ చట్టం ప్రతి కారునూ పట్టుకోలేదు. కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటును పట్టుకుంది. పెద్ద కారు కావాలన్నవాడు కొనుక్కోవచ్చు. దానికి సరితూగేలా కంపెనీ చిన్న కార్లు కూడా అమ్ముకోవాలి. కొనేవాడి ఇష్టానికి అడ్డు రాకుండా దేశం ఖర్చు తగ్గించాలన్న ఆ ఆలోచన తెలివైనదే. కానీ లైట్ ట్రక్కులకు సడలింపు ఇవ్వడంతో, ట్రక్కుల లెక్కలో పడే ఎస్‌యూవీల మీదకు కంపెనీలు మళ్లాయి. దాంతో అమెరికా రోడ్ల రూపమే మారిపోయింది. 2025 జులైలో అక్కడి కొత్త చట్టం ఈ నిబంధన తప్పినవారికి వేసే జరిమానాను సున్నా చేసింది. జపాన్ 1990ల చివర టాప్ రన్నర్ పద్ధతి తెచ్చింది: ఆ తరగతిలో అన్నిటికంటే బాగా నడిచే బండి ఏదో దాన్నే మిగతావాటికి గురిగా పెట్టారు. ఐరోపా 2009లో బొగ్గుపులుసు వాయువు కొలతతో తన దారిన తాను నడిచింది.

భారత కేఫ్ నిబంధనలు

మన దేశంలో 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో, అంటే బీఈఈ, ఏర్పడింది. కార్లకు మైలేజీ గీత గీసిన నోటిఫికేషన్ 2015 ఏప్రిల్ 23న వచ్చింది. కార్పొరేట్ సగటు ఇంధన సామర్థ్యం అన్న ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలతో వీటిని కేఫ్ నిబంధనలంటున్నారు. మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటని ప్రయాణికుల కార్లకే ఇవి వర్తిస్తాయి. మొదటి దశ 2017-18లో మొదలైంది: 1,037 కిలోల సగటు బరువుకు వంద కిలోమీటర్లకు 5.49 లీటర్లు, అంటే లీటరుకు 18 కిలోమీటర్ల పైచిలుకు. 2022-23 నుంచి రెండో దశ: 1,145 కిలోలకు 4.77 లీటర్లు, అంటే లీటరుకు సుమారు 21.

ఇందులో ఒక మెలిక ఉంది. బండి బరువు పెరిగేకొద్దీ గీత సడలుతుంది. రెండో దశ సూత్రం ప్రకారం 500 కిలోలు అదనంగా ఉన్న కారుకు వంద కిలోమీటర్లకు మరో లీటరు వెసులుబాటు దొరుకుతుంది. 1,645 కిలోల కారు లీటరుకు 17 కిలోమీటర్లు ఇస్తే సరిపోతుంది. ఎలక్ట్రిక్ కారు ఒకటి అమ్మితే లెక్కలో మూడుగా చూపించుకోవచ్చు. బరువైన పెద్ద కార్లు అమ్మే కంపెనీకి కొన్ని ఎలక్ట్రిక్ కార్లు తోడైతే గండం గట్టెక్కుతుంది. చిన్నకారు కొనాలనుకునే ఉద్యోగికి ఈ లెక్కల్లో మేలేమీ దక్కలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మొదట్లో ఈ గీత దాటితే అడిగే నాథుడు లేడు. 2022 సవరణ చట్టం కోరలిచ్చింది. వంద కిలోమీటర్లకు 0.2 లీటర్ల దాకా ఎక్కువ తాగితే అమ్మిన ఒక్కో కారుకు 25,000 రూపాయలు, అంతకు మించితే 50,000 రూపాయలు కంపెనీ కట్టాలి. భారతదేశం జరిమానా బాట పట్టిన కొన్నేళ్లకే అమెరికా దాన్ని ఎత్తేసింది. 2027 ఏప్రిల్ నుంచి అనుకున్న మూడో దశకు 2025 సెప్టెంబరులో బీఈఈ ఇచ్చిన ముసాయిదా, 909 కిలోల లోపు చిన్న పెట్రోలు కార్లకు కొంత మినహాయింపు చూపింది. అది కావాలని మారుతి సుజుకి, వద్దని టాటా, మహీంద్రా బహిరంగంగానే వాదించుకున్నాయి. సామాన్యుడి కారు పేరుతో జరిగిన ఆ వాదనలో సామాన్యుడి గొంతు మాత్రం వినిపించలేదు.

అన్నిటికంటే పెద్ద వెలితి ఇంకొకటి. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే కళ్ల ముందు నుంచి పోయేవాటిలో ఎక్కువ భాగం మోటారు సైకిళ్లు, స్కూటర్లు, ఆటోలు. వీటికి కేఫ్ లేదు. జనం నడిపే బండికి మైలేజీ చట్టం లేదు. ఉన్న కేఫ్ కారున్నవాళ్ల కోసమే.

నిజానికి ఈ పట్టణంలో మైలేజీ మీద అన్నిటికంటే గట్టి నిఘా ఉండేది ఆర్టీసీ డిపోలో. ఒక్కో డ్రైవరు ఎన్ని కిలోమీటర్లకు ఎంత డీజిలు కాల్చాడో లెక్క కడతారు. దాన్ని కేఎంపీఎల్ అంటారు. కేఎంపీఎల్ తగ్గిన డ్రైవరు సంజాయిషీ చెప్పుకోవాలి, బాగా తెచ్చినవాడికి మెప్పు. కంపెనీల సగటు లెక్కకూ, క్లచ్చి మీద కాలు పెట్టే మనిషి లెక్కకూ ఎంత దూరమో ఇక్కడ తెలుస్తుంది.

సీసా, స్క్రూ

పొగ నిబంధనలైన భారత్ స్టేజీలు (బీఎస్) మైలేజీ కోసం పుట్టలేదు గానీ కొనేవాడి చేతిని కేఫ్ కంటే ఎక్కువ తాకింది అవే. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 మొదట అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఉంది. దేశమంతటికీ 2017లో వచ్చింది. ఆ ఏడాది మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మకూడదని తేల్చేసరికి, అమ్ముడుపోనివి దేశంలో 8 లక్షలకు పైగా మిగిలాయి. వాటిలో ఎక్కువ ద్విచక్ర వాహనాలే. చివరి రెండు రోజులు షోరూములు వేలకు వేలు తగ్గించి అమ్మాయి, జనం ఎగబడ్డారు. ఆ రెండు రోజుల్లో కొనేవాడికి దొరికింది స్వేచ్ఛో, గడువు తరుముకొచ్చిన తొందరో చెప్పడం కష్టం.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. దాంతో మామూలు వంద సీసీ బండ్లలోనూ చాలావాటికి కార్బరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ చేరింది. పోయినదేమిటో తెలియాలంటే పాత మెకానిక్ షెడ్డును గుర్తు చేసుకోవాలి. మైలేజీ తగ్గిందని బండి తెస్తే మెకానిక్ ట్యాంకు పైపు ఊడదీసి, వంద మిల్లీలీటర్ల సీసాను హ్యాండిల్‌కు వేలాడదీసి, దాని గొట్టాన్ని కార్బరేటర్‌కు తగిలించేవాడు. బండిని రోడ్డు మీదకు తీస్తే ఎక్కడ గుటగుటమని ఆగిపోతే అక్కడ మీటరు చూడాలి. ఆరు కిలోమీటర్లు నడిస్తే లీటరుకు 60. తక్కువొస్తే వెనక్కి తెచ్చి గాలి స్క్రూ పావు చుట్టు తిప్పి మళ్లీ సీసా నింపడమే. కంపెనీ కాగితం మీది అంకెను నమ్మక, జనం కళ్లారా చూసుకున్న పరీక్ష అది. ఇప్పుడు ఇంధనం ఎంత పోవాలో ఈసీయూ అనే చిన్న పెట్టె నిర్ణయిస్తుంది. గాలి శుభ్రపడింది, పొద్దున్నే కిక్కు కొట్టే తిప్పలూ తగ్గాయి. కానీ స్క్రూ డ్రైవరుతో తన బండిని తాను సరిచేసుకునే వీలు, ఆ పనితో బతికిన చిన్న మెకానిక్ నేర్పు, రెండూ ఆ పెట్టెలోకి పోయి తాళం పడ్డాయి.

బంకు దగ్గర

పెట్రోలు ధర మీద ప్రభుత్వ అదుపు 2010 జూన్‌లో, డీజిలు మీద 2014 అక్టోబరులో తొలగింది. 2017 జూన్ నుంచి ధర రోజూ మారే పద్ధతి వచ్చింది. అయినా తెలంగాణలో పెట్రోలు మీద 35.2 శాతం వ్యాట్ ఉంది. ధర రూపంలో మైలేజీ పాఠం చెప్పే పని పన్నులే చేస్తున్నాయనుకోవచ్చు.

అసలు గొడవ ఇథనాల్ దగ్గర వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోలైంది. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో సుమారు మూడింట రెండు వంతులే. 2021లో నీతి ఆయోగ్ నివేదికే పాత తరహా ద్విచక్ర వాహనాల మైలేజీ 3 నుంచి 4 శాతం, కార్లది 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. మొదట చెప్పిన 55 ఇచ్చే బండికి ఇది నెలకు వంద రూపాయల మాట. చమురు దిగుమతి తగ్గుతుంది, చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ వస్తుంది అన్న ప్రభుత్వ వాదనలో నిజముంది. కానీ ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక చట్టం కంపెనీని మైలేజీ పెంచమంటుంటే, మరో విధానం ట్యాంకులో పోసేదాన్నే పలచన చేస్తోంది. శక్తి తగ్గిన లీటరుకు ధర తగ్గించకపోవడం అన్యాయం.

గీతకు అవతల

తెలంగాణ ప్రభుత్వం ఆంక్ష కంటే రాయితీనే ఎక్కువగా నమ్ముకుంది. 2020 అక్టోబరులో వచ్చిన ఎలక్ట్రిక్ వాహన విధానం మొదటి 2 లక్షల ద్విచక్ర వాహనాలకు రోడ్డు పన్ను మాఫీ చేసింది. 2024 నవంబరులో వచ్చిన 41వ నంబరు జీవో ఆ సంఖ్యా పరిమితి తీసేసి, 2026 డిసెంబరు 31 దాకా మాఫీ పొడిగించింది. కొనమని బలవంతం లేదు. కొంటే పన్ను లేదు. స్వేచ్ఛకు భంగం లేని పద్ధతి ఇది. అయితే ఆ మాఫీ భారం, బండి కొనలేక బస్సెక్కేవాడితో సహా అందరి మీదా పడుతుంది.

ఆటోల విషయంలో మాత్రం గీత గట్టిగానే పడింది. 2025లో ప్రభుత్వం ఔటర్ లోపల 65,000 కొత్త ఆటోలకు అనుమతి ఇస్తూ, అవి ఎలక్ట్రిక్, సీఎన్‌జీ, ఎల్‌పీజీతో నడిచేవో, పాత ఇంజను తీసి బ్యాటరీ పెట్టించుకున్నవో అయి ఉండాలంది. డీజిలు ఆటోలను ఔటర్ బయటికి పంపుతామంది. ఆ బయట ఉన్న ఊళ్లలో ఇబ్రహీంపట్నం ఒకటి. నగరానికి వద్దన్న పొగ బొంగులూరు గేటు దాటి ఇటు చేరితే, ఈ పక్క పీల్చేవాళ్లు కూడా మనుషులే.