లెన్స్‌కి కళ్లజోడు పెట్టిన రోజులు

కళ్లజోడు మనుషులకే కాదు, ఒకప్పుడు లెన్స్‌కీ ఉండేది. 1950ల చివర్లో జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైట్జ్ కంపెనీ తయారుచేసిన 35 ఎం.ఎం. సుమిక్రాన్‌లో ఒక రకాన్ని చూడండి. లెన్స్ నెత్తిన రెండు గాజు బిళ్లలుంటాయి. లైకా ఎం3 కెమెరాకి బిగిస్తే అవి వ్యూఫైండర్ కిటికీలకు సరిగ్గా ఎదురొచ్చి నిలుస్తాయి.

ఆ అవసరం ఎందుకొచ్చిందంటే, ఎం3 లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం లెన్స్‌లోంచి చూడం, పక్కనున్న కిటికీలోంచి చూస్తాం. ఏ లెన్స్ పెట్టినా కిటికీలో దృశ్యం అదే. ఫిల్ము మీద ఎంత మేర పడుతుందో చెప్పే తెల్లగీతల చట్రమే మారుతుంది. 1954లో వచ్చిన ఎం3లో 50, 90, 135 ఎం.ఎం. చట్రాలే ఉన్నాయి. ఆ కిటికీ దృశ్యాన్ని 0.91 వంతు సైజులో చూపేది కనుక ఫోకస్ కచ్చితంగా కుదిరేది, కానీ 35కి చోటు చాలలేదు. గాజు బిళ్లలు ఆ లోటు తీర్చాయి. 1958లో ఎం2 వచ్చింది. సైజును 0.72కి తగ్గించి, 35 చట్రాన్ని కిటికీలోకే తెచ్చారు.

వైడ్ యాంగిల్‌కి ఈ కెమెరాలు పెట్టింది పేరు. లోపల అద్దం లేకపోవడమే కారణం. ఎస్.ఎల్.ఆర్.లో అద్దం పైకీ కిందికీ కదలాలి, లెన్స్ దూరం జరగాలి. రేంజ్‌ఫైండర్‌లో లెన్స్ వెనక గాజు ఫిల్ము దగ్గరదాకా వెళ్లగలదు. లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన జైస్ 21 ఎం.ఎం. బయోగాన్ 1954లో కాంటాక్స్ రేంజ్‌ఫైండర్ కెమెరాకి అలాగే వచ్చింది. సుమారు 90 డిగ్రీల చూపు, అయినా గోడ అంచులు వంగవు. మూలలు కాస్త చీకటిపడతాయి, అంతే. ఎస్.ఎల్.ఆర్. అయిన నికాన్ ఎఫ్‌కి తొలి 21 బిగించాలంటే అద్దాన్ని ఎత్తి కట్టేసి, నెత్తిన వేరే ఫైండర్ పెట్టుకోవాల్సి వచ్చింది.

మరి ఏది కొనాలి? న్యూయార్క్ వీధుల్లో ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 28నే ఎక్కువగా నమ్ముకున్నారు. అది జనం మధ్యకు చొచ్చుకెళ్లేవారి లెన్స్. 21కి ఒక కిటికీలో ఫోకస్, ఇంకో కిటికీలో ఫ్రేము చూసుకోవాలి. మొదటి వైడ్ లెన్స్‌గా నా ఓటు 35కే. ఎఫ్/8 దగ్గర పెట్టి, దూరం 3 మీటర్లకు తిప్పి ఉంచితే సుమారు 1.9 నుంచి 7.3 మీటర్ల వరకూ అంతా స్పష్టంగా పడుతుంది. మనిషీ దక్కుతాడు, అతని వీధీ దక్కుతుంది.

ఒక్క మాట. లెన్స్‌కి డబ్బు కట్టే ముందు కెమెరాని కంటికి ఆనించుకోండి. మీకు కళ్లజోడుంటే దాంతోనే చూడండి. ఆ చట్రం నాలుగు మూలలూ కనిపిస్తేనే అది మీ లెన్స్.