అమ్మ మిషను, గాంధీ మినహాయింపు



యంత్రాలను అంతగా అనుమానించిన గాంధీ 1924లో సింగర్ కుట్టు మిషనును మాత్రం మినహాయించారు. చేత్తో కుట్టుకుంటూ భార్య పడే కష్టం చూడలేక సింగర్ దాన్ని కనిపెట్టాడట. ముచ్చటైన కథే. కానీ లాక్ స్టిచ్ మిషను మీద 1846లోనే ఎలియాస్ హౌ పేటెంట్ తీసుకున్నాడు. 1851లో రంగంలోకి దిగిన సింగర్ మీద కేసు వేసి గెలిచాడు కూడా.

జక్రాన్‌పల్లిలో మా అమ్మది కాలుతో తొక్కే ఉషా మిషను. రిపేరు చేసేటాయన మా వాడలోకి వచ్చేవాడు కాదు. మిషను తల విప్పి రోడ్డు మీదికి తెమ్మనేవాడు. రెండుసార్లు మోసింది. మూడోసారి తనే స్క్రూడ్రైవర్ పట్టింది.

గుడ్డ అడుగున దారం ఉచ్చులు పడితే అందరూ బాబిన్‌ను తిడతారు. తప్పు ఎక్కువగా పైదారంలో ఉంటుంది. పాదం దించి దారం ఎక్కిస్తే టెన్షన్ బిళ్ళల మధ్య అది కూర్చోదు. పాదం లేపి మళ్ళీ ఎక్కించాలి. కుట్టు తప్పుతుంటే ముందు సూది మార్చి చూడాలి. పళ్ళ కింద పేరుకున్న నూగు బ్రష్‌తో తీసి, మిషను నూనె ఒక్కో చుక్క వేయాలి. కొబ్బరి నూనె వద్దు, జిగురుకట్టి బిగుసుకుంటుంది (మేం చేసి చూసిందే).

1945లో గాంధీయిజం మీద రాస్తూ బాబాసాహెబ్, తప్పు యంత్రానిది కాదు, దాని ఫలం కొందరికే దక్కించే సమాజ ఏర్పాటుదన్నారు. మనిషికి తీరిక యంత్రంతోనే వస్తుందన్నారు. ఆ అధ్యాయం క్లాసులో చెప్పేటప్పుడు నాకు మాట తడబడుతుంది. అమ్మకు తీరికైతే రాలేదు. పగలు పసుపు చేన్ల కూలి, రాత్రి జాకెట్లు. నా డిగ్రీ ఫీజు ఆ జాకెట్లదే.