ఆయిల్‌పామ్‌కు నీటి లెక్క: తిరుపతి, చిత్తూరు జిల్లాల కోణం

ఆయిల్‌పామ్ సాగు మంచిచెడ్డలను ప్రపంచం అడవులతో కొలుస్తోంది. ఇండోనేషియా, మలేషియాల్లో వర్షారణ్యాలు తోటలుగా మారిన తీరు చూస్తే అది న్యాయమే. 2004లో ఏర్పడిన ఆర్‌ఎస్‌పీఓ (సుస్థిర పామాయిల్ రౌండ్‌టేబుల్) ధ్రువీకరణలోనూ అడవి రక్షణది ముఖ్య స్థానం. కానీ దక్షిణ రాయలసీమలో ఈ తోట అడవిలోకి కాదు, శెనక్కాయ చేలోకి వస్తుంది. కాబట్టి ఇక్కడ కొలవాల్సింది బోరు కింది నీటిని.

తొమ్మిది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 57 మొక్కలు పడతాయి. కాపుకొచ్చిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లనుకుంటే ఎకరాకు 11,400 లీటర్లు. వంద రోజులకు 11.4 లక్షల లీటర్లు, అంటే ఆ ఎకరమంతా సుమారు 280 మిల్లీమీటర్ల మందాన నీరు. ఉమ్మడి చిత్తూరు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్లు. గట్టిరాతి నేలల్లో కురిసిన వానలో ఇంకేది పదో వంతుకు అటూఇటూగానే. ఈ లెక్కన ఒక ఎకరం తోట, ఒక్క వేసవిలోనే, మూడెకరాల్లో ఏడాది పొడవునా ఇంకిన నీటిని తాగేస్తుంది. మిగతా రెండెకరాలు ఎవరివన్నదే అసలు ప్రశ్న. తోట వేసిన రైతు డ్రిప్పుతో ఎంత పొదుపుగా పెట్టినా, నీరు తగ్గేది పక్క రైతు బోరులో కూడా.

పంటను ప్రోత్సహించడానికి బలమైన కారణాలే ఉన్నాయి. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. హెక్టారుకు ఆయిల్‌పామ్ నాలుగు టన్నుల దాకా నూనె ఇవ్వగలదు, వేరుశెనగ ఒక టన్ను ఇవ్వడమే కష్టం. అందుకే 2021 ఆగస్టులో కేంద్రం రూ.11,040 కోట్లతో జాతీయ మిషన్ ప్రకటించి, అదనంగా 6.5 లక్షల హెక్టార్లు లక్ష్యంగా పెట్టుకుంది. అయితే ఈ పోలిక భూమి కొరత ఉన్నచోట సరిపోతుంది. మనకు కొరత నీటిది.

కరువు దెబ్బ వెంటనే కనబడకపోవడం ఈ పంటలోని పెద్ద ప్రమాదం. నీరు చాలకపోతే చెట్టు ఆడ పూగుత్తులు తగ్గించి మగవి ఎక్కువ వేస్తుంది. ఆ ఫలితం ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత గెలలు తగ్గినప్పుడు తెలుస్తుంది. వానలు బాగా పడిన ఏడు కూడా రైతుకు దిగుబడి రాకపోవచ్చు. శెనక్కాయ రైతు ఒక కారు చేను బీడు పెట్టి మరుసటి ఏడు విత్తుకోగలడు. పాతికేళ్ల తోటకు ఆ వెసులుబాటు లేదు. పైగా కోసిన గెలలు 24 గంటల్లో మిల్లు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది కనుక తోటలు చెల్లాచెదురుగా ఉంటే పొసగదు.

గోదావరి జిల్లాల అనుభవంలో తీసుకోదగ్గవి ఉన్నాయి: నరికిన మట్టలను పాదుల్లో పరచడం, మిల్లులో మిగిలిన ఖాళీ గెలలను తిరిగి తోటకే చేర్చడం, నీడలో కోకో వేయడం. పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ సిఫార్సులూ అందుబాటులో ఉన్నాయి. ఇవి ఆవిరిని తగ్గిస్తాయి, నేలను బాగుచేస్తాయి. లేని ఊటను మాత్రం పుట్టించలేవు.

నా అభిప్రాయంలో మొక్కల రాయితీకి ముందు గ్రామం మొత్తానికి నీటి లెక్క కట్టాలి. ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువగా పడే శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వైపు, అదీ కాలువ లేదా చెరువు ఆయకట్టులో, పరిమితంగా తోటలను అనుమతించవచ్చు. కేవలం లోతు బోర్ల మీద నడిచే పలమనేరు, కుప్పం మెట్టల్లో మిషన్ సొమ్మును వేరుశెనగకు మళ్లించడం మేలు. బెట్టను తట్టుకునే ధరణి వంటి రకాలను తిరుపతి పరిశోధన స్థానమే ఇచ్చింది. ఆ విత్తనం సకాలంలో అందించి, ఊళ్లలో గానుగలు నిలబెట్టి, ఆయిల్‌పామ్ గెలలకు ఇస్తున్న ధర భరోసాను కాయలకూ వర్తింపజేయాలి.