ఆర్థరు కాటను దొరకు జరిగిన గౌరవము

క్రీ.శ. 1860వ సంవత్సరమున, కుంఫిణీవారి మద్రాసు సైన్యమునకుఁ జెందిన ఇంజనీర్ల దళములో ఇంచుమించు నలువది యేండ్లు కొలువు చేసిన ఆర్థరు కాటను ఉద్యోగమును విరమించి హిందూదేశమును విడిచెను. గోదావరీమండల మాతనికి ఋణపడియున్నదని తెలియని యాంధ్రుఁడు లేఁడు. కాని యాతఁడు వెడలిపోవు తఱిని, ఆ పిమ్మటను, ఆతనికి గౌరవము చేసినవారెవరు, ఏ రీతిని జేసిరి యను సంగతి వేఱుగా విచారింపఁదగియున్నది. బడులలోఁ జెప్పెడు కథలలో దొరతనమువారి కాగితములును ప్రజల నోటిమాటలును గలగాపులగమై యున్నవి. వానిని విడఁదీసి చూచిన గాని ఏది యెంత విలువ గలదో తేలదు.

సైనికుఁడు కాలువలు త్రవ్వించుట నేఁటివారికి వింతగాఁ దోఁపవచ్చును. కుంఫిణీవారి పాలనములో చెఱువులు, బాటలు, వంతెనలు మొదలగువానిని జూచుటకు సైనికవిద్య నేర్చినవారే దిక్కు. కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీని జన్మించెను. ఆడిస్కంబులోని కుంఫిణీవారి సైనికపాఠశాలలోఁ జదివి 1821లో మద్రాసు చేరెను. 1824 మొదలు 1826 వఱకు జరిగిన మొదటి బర్మాయుద్ధమునఁ బాల్గొనెను. యుద్ధమునుండి మరలివచ్చిన యా సైనికుని నిజమైన విద్యాభ్యాసము కావేరీతీరమున జరిగెననవలెను. అచ్చటఁ జోళులనాఁటి కల్లణైని ఆతఁడు నిశితముగాఁ బరీక్షించెను. గట్టినేల దొరకని యిసుకలోఁ బెద్దకట్టడమును నిలుపు నుపాయ మా పురాతనశిల్పులకుఁ దెలియును. ఆ విద్యను వారినుండియే తాము నేర్చితిమని కాటను తరువాతికాలమున వ్రాసి యొప్పుకొనెను. ఈ యొప్పుకోలు చిన్నది కాదు. తనకుఁ జేయఁబోవు గౌరవములో సగము ముందుగానే పేరు తెలియని తమిళశిల్పులకుఁ బంచియిచ్చిన వాఁడనుట కిది నిదర్శనము. ఆ విద్యతోనే 1836లో కొల్లడముపై ఆనకట్టలు కట్టించెను.

అప్పటి గోదావరీతీరము స్థితిని తెలుపుటకు రెండంకెలు చాలును. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో 7,38,308 మంది జనులుండఁగా, 1841 నాఁటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. ఈ నడుమనే నందననామ సంవత్సరపుఁ గఱవు వచ్చెను. 1832–33లో గుంటూరు సీమను దహించిన యా క్షామమును జనులు డొక్కల కఱవనిరి. 1839లో కోరంగి యొద్ద సముద్ర ముప్పొంగి తీరగ్రామములను ముంచెను. ఏటికి కోట్లకొలఁది పుట్ల నీరు కడలిపాలగుచుండఁగా దాని గట్టుననే జనము మాఁడిచచ్చుచుండెడివారు.

కాటను 1844లో నీ మండలమునుగూర్చి నివేదిక వ్రాసెను. 1846లో కుంఫిణీ డైరెక్టర్లు సమ్మతింపఁగా, 1847లోఁ బని యారంభమయ్యెను. ధవళేశ్వరమువద్ద నది లంకలతోఁ గూడి నాలుగుమైళ్ల వెడల్పున నున్నది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలమీఁదను మొత్తము పండ్రెండువేల అడుగులకు దగ్గఱగాఁ గట్టడము లేచెను. మిగిలినది లంకలలో మట్టికట్ట. లంకలనే కట్టడములో భాగముగాఁ జేసికొనుట యీ పన్నుగడలోని నేర్పు. 1848లో కాటనునకు దేహస్వాస్థ్యము తప్పఁగా కెప్టెను ఆరు దొరకు పని నప్పగించి ఆస్ట్రేలియాకుఁ బోయి, 1850లో మరలివచ్చెను. 1852 నాఁటికిఁ బని పూర్తియయ్యెను. వైనతేయపాయపై గన్నవరమువద్ద హేగు దొర కట్టించిన నలువదితొమ్మిది కమానుల జలవాహిని కోనసీమకు నీరందించెను. ఈ పనులలోఁ దెలుఁగువాఁడైన వీణెము వీరన్న కాటనునకుఁ గుడిభుజమై నిలిచి రావుబహదూరు బిరుదమును బొందెను. ఆనకట్టనుగూర్చి చెప్పువా రీతని పేరు దాఁటిపోవుట న్యాయము కాదు.

ఇఁక గౌరవముల మాట. దొరతనమువారి కాగితములలో మిక్కిలి విలువగలది 1858వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వమువారు వ్రాసిన తీర్మానము. ఈ గొప్పఫలము ఒక్కని బుద్ధిబలమువలననే కలిగినదనియు, ఎన్ని నిరుత్సాహములు కలిగినను ఆతఁడు విడువలేదనియు, తక్కిన యధికారు లాతని యుత్సాహమును బుణికిపుచ్చుకొని సాయపడినవారే యనియు నందుఁ గలదు. ఇంకను బుట్టని లక్షలజనులు కాటను పేరు తలఁచుకొందురనియు, అప్పటికి నాఁటి ప్రముఖులనేకులు మఱుగునఁ బడుదురనియు వారు వ్రాసిరి. ప్రభుత్వములు తమ యుద్యోగులఁగూర్చి యిట్లు వ్రాయుట యరుదు. కాని తీర్మానము చివర నొక వాక్యము చదువరి దృష్టి నాఁపవలసినది: కాటను బ్రదికియుండఁగా నాతనికిఁ దగిన గౌరవము జరగకున్నచో నది తమకే కొఱఁత యగునని. ఈ మాట పొగడ్తకంటె నెక్కువగా భయమును దెలుపుచున్నది. తమ పైవా రాతని విలువ నెఱుఁగరేమో యను శంక లేనిచో నిట్లు వ్రాయరు.

శంక పూర్తిగా నిజము కాలేదు, పూర్తిగా అబద్ధమును గాలేదు. 1861లో కాటనునకు సర్ బిరుదము వచ్చెను, 1866లో కె.సి.ఎస్.ఐ. యయ్యెను, 1877లో జనరలు పదమునకుఁ బెరిగెను. ఆ తరువాతి సంవత్సరముననే, డెబ్బదియైదేండ్ల ముదుసలియైన యాతఁడు కామన్సుసభవారు నియమించిన యుపసంఘమునెదుట నిలిచి హిందూదేశపుఁ బ్రజాపనులనుగూర్చి ప్రశ్నల కుత్తరము లీయవలసి వచ్చెను. పార్లమెంటువారు కాటనును నేరస్థునివలె విచారించిరని కొందఱు చెప్పెదరు. అది సరికాదు. లార్డు జార్జి హామిల్టను అధ్యక్షుఁడుగాఁ గల యా సంఘము క్షామములు, కాలువలు, రైళ్లు అను విషయముల విచారణకై యేర్పడినది. కాటను అందులో సాక్షి. అయినను ప్రశ్నలు పదునైనవే, దానికిఁ గారణమును గలదు. కాటను సలహాపై మొదలైన కర్నూలు–కడప కాలువయు, ఒరిస్సా కాలువలును సొమ్ము తెచ్చిపెట్టలేదు. రెండింటిని దొరతనమువారే కొనవలసివచ్చెను. రైళ్లకంటె నావలు నడచు కాలువలే మేలని యాతఁడు మితిమీఱి వాదించుటయు నిజము. కాని 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును మహాక్షామము మ్రింగినప్పుడు గోదావరీకృష్ణామండలములు తాము బ్రదుకుటయే కాక యితరసీమలకు ధాన్యము పంపెను. ఇది యాతని పక్షమునఁ బలికిన సాక్ష్యము. ఆతని లెక్కలు కొన్ని తప్పినవి గాని, నీళ్లులేని నేలలో నీరే మొదటి యవసరమను మాట తప్పలేదు.

ఆనకట్టవలన జనసంఖ్య యెన్నిమడుఁగులు పెరిగినదో చూపుటకుఁ గొందఱు 1841 లెక్కను తరువాతి జనాభాలెక్కలతో నేరుగాఁ బోల్చుచున్నారు. 1859లో రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు జిల్లాలు తిరిగి పంచఁబడి గోదావరి, కృష్ణ జిల్లాలయ్యెను. ఎల్లలు మాఱిన పిమ్మట నట్టి పోలిక చేయరాదు.

ప్రజలు చేసిన గౌరవము మఱియొక తెఱఁగుది. గోదావరీస్నానపుణ్యమును నిత్యము కలిగించినవాఁడని యీ యాంగ్లదేశీయుని భగీరథునిగా స్మరించు సంస్కృతశ్లోక మొకటి పండితుల నోట నిలిచెను. కాలువ వచ్చిన ప్రతిగ్రామమునను నదీస్నానము సిద్ధించినదని దీని తాత్పర్యము. సంకల్పములో నాతని పేరు చెప్పికొనుటయుఁ గలదని ప్రతీతి. ఇది నోటిమాట, దీనికిఁ గచ్చేరి కాగితములలో సాక్ష్యము వెదుకుట తగదు. ఇందు పండితులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. గోదావరిని దెచ్చినవాఁడు గౌతముఁడు. ఉపమానమునకు గౌతమునిఁ గైకొనక భగీరథునిఁ గైకొనుటలో ఔచిత్యమేమి? గౌతమీనది దక్షిణగంగ యగుటచే భగీరథుని పేరు పొసఁగును. అంతకంటె ముఖ్యముగా, గౌతముఁడు నదిని నేలకు దించెను. నేలకు దిగిన నదివెంట నడచి కావలసిన చోటికిఁ గొనిపోయినవాఁడు భగీరథుఁడు. కాటను చేసిన పని యీ రెండవదే. పైఁగా నాతఁడు క్రైస్తవమతమునందు గాఢవిశ్వాసము గలవాఁడు. అట్టివాని పేరు స్నానసంకల్పమునఁ జేర్చిన శ్రోత్రియుల ధైర్యము, ఏ బిరుదపత్రమునందును గానరానిది.

కాటను 1899వ సంవత్సరము జూలై 24వ తేదీని ఇంగ్లండులోని డార్కింగునఁ దనువు చాలించెను.

ఈ నది పైభాగమునందును గౌరవమునుగూర్చిన కథ యొకటి కలదు. సంగారెడ్డి ప్రాంతముమీఁదుగాఁ బాఱు మంజీర కందకుర్తివద్ద గోదావరిం గలియును. కాఁబట్టి ధవళేశ్వరమున నిలిచిన నీటిలో నా సీమ వర్షమును గలదు. కాటను విరమించిన పదునొకండవ యేఁట, అనఁగా 1871లో, హిందూదేశపుఁ బ్రజాపనులకై సైనికేతరుల కింజనీరువిద్య నేర్పు కళాశాల ఇంగ్లండులోని కూపర్సుహిల్లున వెలసెను. అందుఁ జదివినవారిలో హైదరాబాదువాఁడైన మీర్ అహమద్ అలీ యొకఁడు. మంజీరపై 1923 మొదలు 1931 వఱకుఁ గట్టిన నిజాంసాగరము ఆతని పన్నుగడ. నిజాము ప్రభుత్వ మిచ్చిన అలీ నవాజ్ జంగ్ బహదూర్ బిరుదమే లోకమున నిలిచి, తలిదండ్రులు పెట్టిన పేరు మఱుఁగునఁ బడెను. గోదావరీజిల్లాలలో దీనికి విపర్యయము: సర్, జనరల్ మున్నగు బిరుదములను రైతులు విడిచివేసి, ఆతనిని కాటన్ దొర యనియే పిలుచుచున్నారు. అలీ నవాజ్ జంగ్ పుట్టిన జూలై 11వ తేదీని తెలంగాణప్రభుత్వము ఇంజనీర్ల దినముగా నేర్పఱచినది.

పాత ఆనకట్టకు బదులు 1970 తరువాత నిర్మింపఁబడిన బారేజికి కాటను పేరే పెట్టిరి. ధవళేశ్వరమున నాతఁడు నివసించిన యిల్లు ప్రదర్శనశాల యైనది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా నున్న కాలమున హైదరాబాదు హుస్సేనుసాగరపుఁ గట్టమీఁద నెలకొల్పిన తెలుఁగు మహనీయుల విగ్రహములలో నీ యాంగ్లసైనికునిదియు నొకటి. ఆ నగరమువారు త్రాగు నీరు ఎన్నో దశాబ్దములు సంగారెడ్డి యొద్ద మంజీరనుండి వచ్చినది.