ఏడు గీతల చిత్రము

1963 ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి ఒక కుమారుడు కలిగెను. అయిదున్నర వారములు ముందుగా జన్మించిన ఆ శిశువునకు ఊపిరి సరిగా ఆడలేదు. ఆ దేశమున లభించు ఉత్తమ వైద్యమంతయు అందినను 9వ తేదీన మరణించెను. నెలలు నిండని శిశువులెందరో ఆ కాలమున ఇట్లే మరణించుచుండిరి.

కారణము అప్పటికి తెలిసియే యుండెను. ఊపిరితిత్తులలోని వాయుగోణుల లోపలి గోడలు ఎల్లప్పుడు తడిగా నుండును. నీటికి తలతన్యత హెచ్చు. అందుచే ఆ తడిపొర గోణి ముడుచుకొనిపోవునట్లు లాగుచుండును. సబ్బు నీటి తలతన్యతను తగ్గించునట్లే, ఊపిరితిత్తులలో ఊరు కొవ్వుతో కూడిన ఒక పదార్థము ఈ లాగుడును తగ్గించును. గర్భము చివరి వారములలో గాని అది తగినంతగా ఊరదు. అది లోపించుటయే ఈ వ్యాధికి మూలమని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరె మీడ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి.

ఉపాయము మాత్రము వేరొక ప్రశ్నకు సమాధానము వెదకుచుండగా దొరకెను. న్యూజీలాండులోని ఆక్లండు నగరమున గ్రాహమ్ లిగిన్స్ అను ప్రసూతి వైద్యుడు, కాన్పు నొప్పులెందువలన ప్రారంభమగునో తెలిసికొనుటకు గొర్రెలపై పరిశోధన చేయుచుండెను. గర్భములోని పిల్లకు స్టిరాయిడ్ మందు నిచ్చినచో గొర్రె ముందుగా ఈనుచుండెను. అంత ముందుగా పుట్టిన పిల్ల బ్రతుకరాదు. కాని ఒక పిల్ల ఊపిరి పీల్చుచు కొంతసేపు బ్రతికెను. కోసి చూడగా దాని ఊపిరితిత్తులు కొంతవరకు విచ్చుకొని యుండెను. లిగిన్స్ ఈ చిన్న విషయమును విడిచిపెట్టలేదు. శిశువైద్యుడు రాస్ హౌవీతో కలిసి 1969 డిసెంబరులో ఆసుపత్రిలోని తల్లులపై పరీక్ష ప్రారంభించెను. చీట్లు వేసినట్లు, ఎవరి ఇష్టాయిష్టములకును తావులేకుండ, 282 మంది తల్లులను రెండు వర్గములుగా విభజించి ఒక వర్గమునకు బీటామెథసోన్ ఇంజెక్షన్లు ఇచ్చిరి. 1972లో ఫలితములు ప్రచురింపబడినవి. ముందుగా నొప్పులు వచ్చిన తల్లుల శిశువులలో, తొలి దినములలోనే మరణించినవారు మందు పొందిన వర్గమున 3.2 శాతము, పొందని వర్గమున 15 శాతము.

ఇంత చవకైన మందు, ఇంతటి ఫలితము! వెంటనే ప్రపంచమంతట వాడుకలోనికి రావలసినది. రాలేదు. ఇతర దేశములలో మరికొన్ని పరీక్షలు జరిగినవి. వానిలో పెక్కింటిలో తల్లుల సంఖ్య స్వల్పము. అందుచే ‘తేడా నిశ్చయముగా చెప్పజాలము’ అన్నట్లుగానే ముగిసినవి. ఒక రూపాయి బిళ్లను 10 మారులు ఎగురవేసినచో 7 మారులు బొమ్మ పడవచ్చును; అంతమాత్రమున ఆ బిళ్లలో మోసమున్నదనలేము. 1,000 మారులలో 700 బొమ్మలు పడినచో అనుమానింపక తప్పదు. చిన్న పరీక్షల చిక్కు ఇదియే. ఒక్కొక్క వైద్యుడు తనకు దొరికిన ఒకటి రెండు వ్యాసములను చదివి, మందువలన తల్లికి అంటువ్యాధులు సోకునేమో యని భయపడి, వెనుకకు తగ్గుచుండెను. ఇందు వైద్యుల నిర్లక్ష్యముకంటె, వ్యాసములు పెక్కు పత్రికలలో చెల్లాచెదరై యుండుటయే పెద్ద దోషమనవలెను.

ఈ దోషమును సూటిగా ఎత్తి చూపినవాడు ఆర్చీ కోక్రేన్ అను బ్రిటిష్ వైద్యుడు. జరిగిన పరీక్షలన్నిటిని శాఖలవారీగా సేకరించి, విమర్శించి, సంగ్రహించి, ఎప్పటికప్పుడు సవరించు ఏర్పాటు వైద్యవృత్తికి లేకపోవుట సిగ్గుచేటని 1979లో వ్రాసెను. పూర్వము కేంబ్రిడ్జిలో గణిత పరీక్షయందు కడపట నిలిచినవానికి కొయ్యగరిటె నిచ్చి పరిహసించు ఆచారముండెను. ఆ కొయ్యగరిటెను ఆయన ప్రసూతి వైద్యశాఖకు బహూకరించెను!

ఆ ఎత్తిపొడుపును పట్టించుకొన్నవారు ప్రసూతి శాఖలోనివారే. ఆక్స్ఫర్డులో అయన్ చామర్స్, ఆయన సహచరులు పత్రికల పుటలను ఒక్కొక్కటిగా త్రిప్పి పరీక్షలను ఏరిరి. అనుకూల ఫలితములు అచ్చుకెక్కినంత సులభముగా ప్రతికూల ఫలితములు ఎక్కవు గదా! అందుచే అచ్చుకాని పరీక్షలను తెలుపుడని 18 దేశములలోని 40,000 మందికి పైగా వైద్యులకు ఉత్తరములు వ్రాసిరి. 1990లో పెట్రీషియా క్రౌలీ, చామర్స్ మొదలగువారు స్టిరాయిడ్లపై జరిగిన 12 పరీక్షలను, అనగా 3,000 మందికి పైబడిన వారి ఫలితములను కూర్చి ప్రచురించిరి. శిశుమరణములు మూడవ వంతునకు మించి తగ్గుచున్నట్లు తేలెను. 1982 నాటికి అచ్చయిన వానిని మాత్రమే కూర్చినను ఇదే సంగతి బయటపడి యుండెడిది. నడుమ గడచిన సంవత్సరములలో, ఈ మందుతో బ్రతుకదగిన శిశువులెందరో మరణించిరి.

1992లో ఆక్స్ఫర్డులో కోక్రేన్ పేరిట ఒక కేంద్రము, మరుసటి సంవత్సరము అంతర్జాతీయ సంస్థ ఏర్పడినవి. ఆ సంస్థ చిహ్నమున ఈ స్టిరాయిడ్ పరీక్షలే యున్నవి: ఏడు అడ్డగీతలు, నడుమ ఒక నిలువుగీత, అడుగున ఒక వజ్రాకృతి. అడ్డగీత ఒక్కొక్కటి ఒక పరీక్ష. గీత ఎంత పొడవైనచో ఆ ఫలితమున అనిశ్చయమంత హెచ్చు. నిలువుగీత ‘తేడా లేదు’ అను స్థానము. దానిని తాకిన పరీక్ష ఏమియు తేల్చనట్లే. ఎక్కువ గీతలు దానిని తాకుచునే యున్నవి. కాని అన్నిటిని కూర్చగా వచ్చిన వజ్రము దానికి ఎడమగా, మందునకు అనుకూలమైన ప్రక్కన, స్పష్టముగా నిలిచినది. కూర్చుట యనగా అందరిని ఒకే రాశిగా పోయుట కాదు. ప్రతి పరీక్షలోను మందు పొందినవారిని ఆ పరీక్షలోనే పొందనివారితో పోల్చి, ఆ తేడాలకు వాని నిశ్చయమునుబట్టి బరువు నిచ్చి సగటు కట్టవలెను.

1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చిన నిపుణుల సభ ఈ మందును విరివిగా వాడవలసినదని చెప్పెను.

అయితే ఆ పరీక్షలలో హెచ్చుభాగము సంపన్నదేశములలోని పెద్ద ఆసుపత్రులలో జరిగినవి. పల్లెటూరి కాన్పులలో నెలల లెక్కయే సరిగా తెలియదు. 2014లో భారత ప్రభుత్వము, పెద్ద ఆసుపత్రికి పంపుటకు ముందు మొదటి మోతాదు డెక్సామెథసోన్ ఇచ్చుటకు ఏ.ఎన్.ఎం.లకు అనుమతించెను. మరుసటి సంవత్సరమే, బెళగావి, నాగపూరు ప్రాంతములతో సహా ఆరు దేశములలో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితము వెలువడి అందరిని కలవరపెట్టెను. మందు వాడకమును పెంచిన గ్రామసీమలలో మిక్కిలి చిన్న శిశువుల మరణములు తగ్గలేదు. అన్ని శిశువులను కలిపి చూడగా వేయింటికి మరణములు 27.4, అట్టి ప్రయత్నము జరుగనిచోట్ల 23.9. మందు పొందిన తల్లులలో పలువురు నెలలు నిండిన తరువాతనే కనుట ఇందుకొక కారణము కావచ్చును.

అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నను సవరించి మరల పరీక్షింపజేసెను. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాలలో శిశుసంరక్షణ సదుపాయములున్న ఆసుపత్రులలో, అల్ట్రాసౌండుతో గర్భము వయస్సును నిర్ధారించిన 2,852 మంది తల్లులు ఇందు పాల్గొనిరి. 2020లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము శిశుమరణములు డెక్సామెథసోన్ వర్గమున 19.6 శాతము, రెండవ వర్గమున 23.5 శాతము. 2022 నాటి ఆ సంస్థ సూచనలలో ఈ మందుతోపాటు షరతులును చేరినవి: గర్భము వయస్సు ఖచ్చితముగా తెలియవలెను, తల్లికి అంటువ్యాధి లక్షణములు ఉండరాదు, పుట్టబోవు శిశువునకు తగిన సంరక్షణ అక్కడనే లభింపవలెను.