పెద్ద కొట్టు కొన్న చిన్న కొట్టు

బడి రోజుల జ్ఞాపకాలు రాసేవాళ్లు ఈ స్వర్ణోత్సవ సంచికలో చాలామందే ఉంటారు. కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా కామర్స్ చెప్పి రిటైరైన నాకు లెక్కలూ చిట్టాలూ తప్ప వేరే సంగతులు పెద్దగా తెలియవు కాబట్టి వ్యాపార చరిత్రలోంచి ఒక కథ రాస్తున్నాను.

దీనికి కారణం మన బ్యాచ్ మిత్రుడొకడు. తొమ్మిదో తరగతిలో నా పక్కనే కూర్చునేవాడు. బజార్లో వాళ్ల నాన్నగారు పెట్టిన కిరాణా కొట్టునే ఇప్పటికీ నడుపుతున్నాడు. పోయిన సంక్రాంతికి అందరం కలిసినప్పుడు, "ఒరే, నువ్వు కామర్స్ మాస్టారివి కదా! అంత పెద్ద వాల్‌మార్ట్ వాడే భయపడి ఆన్‌లైన్ కంపెనీలను కొనుక్కుంటున్నాడంటే, ఇక మా బోటివాళ్ల సంగతేంట్రా?" అని అడిగాడు. భోజనాల హడావిడిలో ఏదో చెప్పి తప్పించుకున్నాను. వాడికి చెప్పాల్సిన జవాబు ఇది.

వాల్‌మార్ట్ కూడా చిన్న కొట్టుగా మొదలైనదే. శామ్ వాల్టన్ 1945లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే చిన్న ఊళ్లో ఒక దుకాణం తీసుకున్నాడు. అయిదేళ్లలో దాన్ని బాగా వృద్ధిలోకి తెచ్చాడు. కానీ అద్దె ఒప్పందంలో గడువు పొడిగించుకునే హక్కు రాయించుకోలేదు. స్థలం యజమాని ఖాళీ చేయమన్నాడు, చేశాడు. (అద్దె కొట్లలో ఉన్న మన మిత్రులు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.) బెంటన్‌విల్‌కు మారి మళ్లీ మొదలుపెట్టి, 1962లో పక్కనే ఉన్న రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. పెద్ద కంపెనీలు పట్టించుకోని చిన్న ఊళ్లలో దుకాణాలు పెట్టడం, చుట్టూ ఉన్న దుకాణాలన్నిటికీ సరుకు వెళ్లేలా మధ్యలో ఒక గోదాము కట్టడం, లాభం తక్కువ వేసుకుని ఎక్కువ సరుకు అమ్మడం అతని పద్ధతి. 1992లో అతను పోయేనాటికి వాల్‌మార్ట్ అమెరికాలోకెల్లా పెద్ద చిల్లర వ్యాపార సంస్థ.

అది వెనక్కి నెట్టింది సియర్స్‌ను. ఈ సియర్స్ పోస్టులో కేటలాగు పంపి, ఉత్తరం మీద ఆర్డరు తీసుకుని, రైళ్లలో సరుకు చేర్చి పెద్దదైన సంస్థ. అంటే ఇంట్లో కూర్చుని కొనడం ఇంటర్నెట్‌తో పుట్టిన అలవాటు కాదు. ఖర్చు పెరిగిపోయిందని సియర్స్ ఆ పెద్ద కేటలాగును 1993లో ఆపేసింది. మరుసటి ఏడాదే జెఫ్ బెజోస్ అమెజాన్ కంపెనీ పెట్టాడు. దీన్ని నేను ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. ఏటా ఎవరో ఒకరు నమ్మేవారు కాదు.

వాల్‌మార్ట్ మొదట ఆన్‌లైన్‌ను ఒక పక్క వ్యాపారంగానే చూసింది. 2000లో ఆక్సెల్ అనే పెట్టుబడి సంస్థతో కలిసి కాలిఫోర్నియాలో వేరే కంపెనీగా పెట్టింది. ఆ ఏడాది పండుగ కొనుగోళ్లకు ముందు, సైటును కొత్తగా కట్టుకుంటున్నామని కొన్ని వారాలు మూసేసింది! మరుసటి ఏడాది ఆక్సెల్ వాటా తానే కొనేసుకుంది. దుకాణాల్లో అమ్మకాలు పెరుగుతూనే ఉన్నాయి కాబట్టి తొందర కనిపించలేదు. గల్లాపెట్టె నిండుతున్నవాడికి వీధి చివర కొత్త కొట్టు వస్తే ఏం పట్టింపు?

ఈలోగా మార్క్ లోర్ అనే అతను మిత్రుడితో కలిసి పసిపిల్లల డైపర్లు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ నడిపాడు. అమెజాన్ డైపర్ల ధరలు తెగ్గోసి అతన్ని ఊపిరాడకుండా చేసి, 2010లో ఆ కంపెనీని సుమారు 54.5 కోట్ల డాలర్లకు కొనేసింది. వాల్‌మార్ట్ కూడా దానికోసం ప్రయత్నించింది కానీ దక్కలేదు. కొంతకాలం అమెజాన్‌లో పనిచేసి బయటికొచ్చిన లోర్, 2015 జులైలో జెట్ డాట్ కామ్ తెరిచాడు. సరిగ్గా అదే నెలలో స్టాక్ మార్కెట్‌లో అమెజాన్ విలువ వాల్‌మార్ట్ విలువను దాటింది. అమ్మకాల్లో వాల్‌మార్ట్ అప్పటికీ ఎన్నో రెట్లు పెద్దది. అయినా మదుపరులు రేపటి వ్యాపారం ఎవరిదనుకుంటున్నారో ఆ రోజు బాహాటంగా తెలిసింది.

జెట్ కిటుకు మన బజారు వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బుట్టలో ఒక వస్తువు పెట్టాక, అదే గోదాములో ఉన్న రెండో వస్తువు పెడితే ధర తగ్గేది. రెండూ ఒకే పెట్టెలో వెళ్తాయి కాబట్టి రవాణా ఖర్చు మిగిలేది. తిరిగి ఇవ్వనని ముందే ఒప్పుకుంటే ఇంకొంచెం తగ్గేది. "అన్నీ మా దగ్గరే తీసుకోండమ్మా, ధర చూసి వేస్తాను" అని మావాడు రోజూ అనే మాటను కంప్యూటర్‌కు నేర్పించారంతే. కాకపోతే మావాడు లాభం చూసుకుంటాడు, జెట్‌కు లాభమన్నదే లేదు.

తెరిచి ఏడాది దాటీ దాటకముందే, 2016 ఆగస్టులో ఆ నష్టాల కొట్టును వాల్‌మార్ట్ 330 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 300 కోట్లు నగదు, మిగతాది షేర్లు. అంత డబ్బు దేనికి పెట్టినట్టు? నా లెక్కలో అందులో పెద్ద భాగం మార్క్ లోర్ కోసం, మిగతాది పోయిన పదిహేనేళ్ల కోసం. వాల్‌మార్ట్ తన అమెరికా ఆన్‌లైన్ వ్యాపారం మొత్తం లోర్ చేతిలో పెట్టింది. 2017 జనవరిలో, ఏడాదికి చందా కట్టనక్కర్లేకుండా, 35 డాలర్లు దాటిన కొనుగోలుకు రెండు రోజుల్లో ఉచితంగా సరుకు చేర్చడం మొదలుపెట్టారు. వరసగా బూట్లు, బట్టల సైట్లు కొన్నారు. అందులో బోనోబోస్ అనే మగవాళ్ల దుస్తుల కంపెనీకి 31 కోట్ల డాలర్లు పెట్టారు. 2023లో దాన్ని 7.5 కోట్లకు వదిలించుకున్నారు. పెద్ద కంపెనీ కదా, చిట్టాలో ఎక్కడో కలిసిపోతుంది. మనవాడికైతే ఇల్లు పోయేది.

చివరికి గెలిపించినవి మాత్రం కొన్న సైట్లు కావు. అమెరికాలో వాల్‌మార్ట్‌కు 4,700 దాకా దుకాణాలున్నాయి. అక్కడి జనాభాలో నూటికి 90 మందికి ఏదో ఒకటి పది మైళ్ల లోపే ఉంటుంది. పాలూ కూరగాయలూ ఫోన్‌లో ఆర్డరిచ్చి, దుకాణం బయట కారు ఆపితే మనిషి తెచ్చి పెడతాడు. అమెజాన్ దగ్గర లేనిది ఈ దుకాణాల వల. 2020 మే నెలలో, కరోనా మధ్య, వాల్‌మార్ట్ మూడు నెలల ఫలితాలు చెప్పింది. అమెరికాలో ఆన్‌లైన్ అమ్మకాలు 74 శాతం పెరిగాయి. అదే రోజు జెట్‌ను మూసేస్తున్నామని కూడా చెప్పింది. 330 కోట్లు బూడిదలో పోశారని అప్పట్లో చాలామంది రాశారు. నాకలా అనిపించదు. ఆ తొందర బయటినుంచి రాకపోతే, దుకాణాలే తమ బలమని వాళ్లు అంత త్వరగా గుర్తించేవాళ్లు కాదేమో. అయితే ధర మరీ ఎక్కువ అన్నది నిజం. 2021 జనవరిలో లోర్ కూడా వెళ్లిపోయాడు.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ వాల్‌మార్ట్‌కు అడ్డు అమెజాన్ కాదు, చట్టం. విదేశీ కంపెనీ టోకు వ్యాపారం చేసుకోవచ్చు కానీ, అన్ని రకాల సరుకులు అమ్మే చిల్లర దుకాణాలకు అనుమతి 2012 దాకా లేదు. ఆ తర్వాత ఇచ్చినా 51 శాతానికి మించకుండా, రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అన్నారు. అందుకే విజయవాడ, గుంటూరు, హైదరాబాదుల్లో మనం చూసిన బెస్ట్ ప్రైస్‌లో కార్డున్న వ్యాపారులకే అమ్మేవారు. మావాడికీ ఆ కార్డు ఉండేది. ఇళ్లలోకి వెళ్లే దారి మాత్రం 2018 మేలో దొరికింది. 1,600 కోట్ల డాలర్లతో, అంటే లక్ష కోట్ల రూపాయలకు పైగా పెట్టి, వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొంది. జెట్‌కు పెట్టినదానికి దాదాపు అయిదు రెట్లు. అదే ఏడాది అక్టోబరులో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది.

ఆ ఫ్లిప్‌కార్ట్‌ను 2007లో బెంగళూరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ పుస్తకాల కొట్టుగా మొదలుపెట్టారు. ఇద్దరూ అంతకుముందు అమెజాన్‌లో పనిచేసినవాళ్లే. తొలి రోజుల్లో పెట్టుబడి పెట్టినవాళ్లలో ఆక్సెల్ ఉంది. 2000లో వాల్‌మార్ట్ చేయి పట్టుకున్న ఆక్సెలే! వాళ్లకు వచ్చిన మొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి. ఆ పుస్తకం కోసం బెంగళూరు దుకాణాలన్నీ వెతికి, దొరకబుచ్చుకుని పంపారు. మనవాళ్ల చేతిలో కార్డులు లేవని గ్రహించి, 2010లో సరుకు చేతికొచ్చాకే డబ్బిచ్చే పద్ధతి పెట్టారు. అమెరికా పుస్తకాల్లో లేని ఈ పాఠం వాళ్లకు మన ఊళ్లే నేర్పాయి.

మావాడి ప్రశ్నకు వస్తాను. ఈ రాత మొదలుపెట్టాక ఒక సాయంత్రం వాడి కొట్టుకు వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. నెల ఖాతాలు రాసుకునే ఎర్ర అట్ట పుస్తకం అక్కడే ఉంది. పక్క వీధావిడ ఫోన్ చేసి సరుకులు చెప్తే కుర్రాడు సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. వాల్‌మార్ట్ పదిహేనేళ్లు తిరిగి, కోట్ల డాలర్లు పోసి చేరుకున్న చోటు అదే. ఆ మాట అంటే వాడు నవ్వి, "మరి సబ్బులూ షాంపూలూ ఎవరూ నా దగ్గర కొనడం లేదు, అదీ రాయి" అన్నాడు. రాశాను.

ఇంతలో ఒకాయన బియ్యం తీసుకుని ఫోన్ చూపించి వెళ్లాడు. గల్లా పక్కనున్న చిన్న పెట్టె ఫోన్‌పేలో డబ్బు అందిందని తెలుగులో చెప్పింది. 2018లో ఫ్లిప్‌కార్ట్‌తో పాటే ఫోన్‌పే కూడా వాల్‌మార్ట్ చేతికొచ్చిందనీ, 2022లో ఆ రెండూ విడిపోయినా పెద్ద వాటా ఇంకా వాల్‌మార్ట్‌దేననీ చెప్పాను. మావాడు కాసేపు ఆ పెట్టె వంక చూసి, "అయితే వాడు ఎప్పుడో వచ్చేశాడన్నమాట," అని తర్వాతి మనిషికి కందిపప్పు తూచడంలో పడ్డాడు.