గద్దారీ: జల్సాలో ఒక మాట, ఖానూన్‌లో ఒక మాట



ఎన్నికల మౌసమ్ రాగానే "గద్దార్" అనే మాట సస్తా అయిపోతుంది. ఓటు ఎవరికి వేశారన్న దగ్గర నుంచి క్రికెట్‌లో ఎవరికి చప్పట్లు కొట్టారన్న దాకా మన మీద ఈ ఇల్జామ్ పడుతూనే ఉంటుంది. ఈమధ్య దాని పక్కన ఇంకో మాట కూడా చేరింది: ఎన్నికల్లో విదేశీ దఖల్. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు. ఖానూన్‌లో మాత్రం ఇవి రెండూ వేర్వేరు. వాటిని వేరు చేసి ఉంచడం ఎందుకు జరూరీయో తెలియాలంటే తారీఖ్ కొంచెం తిరగేయాలి.

ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఏది గద్దారీ, ఏది కాదు అన్నది జడ్జీల మర్జీ మీద నడిచేది. గద్దారీ సాబిత్ అయితే ప్రాణంతో పాటు జాయ్‌దాద్ కూడా బాద్షా ఖజానాకు పోయేది. అందుకే అక్కడి జాగీర్దార్లు పట్టుబట్టారు. 1352లో మూడవ ఎడ్వర్డ్ కాలంలో ఒక ఖానూన్ వచ్చింది. బాద్షా ప్రాణం తీయాలని చూడటం, ఆయన మీద జంగ్ చేయటం, ఆయన దుష్మన్లకు మదద్ ఇవ్వటం వంటి కొన్ని పనులను మాత్రమే అది గద్దారీ అంది. కానీ హద్దు గీసినంత మాత్రాన నిలవదు కదా! 1534లో ఎనిమిదవ హెన్రీ ఆ హద్దు దాటాడు. బాద్షాను జాలిమ్ అని నోటితో అన్నా గద్దారీయే అని కొత్త ఖానూన్ తెచ్చాడు. మరుసటి ఏడాదే, ఒకప్పుడు తన దర్బారులో పెద్ద వజీర్‌గా పనిచేసిన థామస్ మోర్ తల తీయించాడు.

1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా దస్తూర్ రాసినవాళ్లకు ఈ తారీఖ్ అంతా తెలుసు. పైగా అంతకు కొన్నేళ్ల ముందు వరకు బ్రిటన్ దృష్టిలో వాళ్లూ గద్దార్లే. అందుకే దస్తూర్‌లోనే గద్దారీకి అర్థం రాసేశారు. ఆ దస్తూర్‌లో అర్థం చెప్పి మరీ రాసిన ఒకే ఒక్క జుర్మ్ ఇది. దేశం మీద జంగ్ చేయటం, లేదా దుష్మన్ల పక్షాన చేరి వాళ్లకు మదద్ ఇవ్వటం. ఈ రెండే, మూడోది లేదు. అది కూడా ఒకే పనిని కళ్లారా చూసిన ఇద్దరు గవాహ్‌లు కావాలి, లేదా ముల్జిమ్ అదాలత్‌లో అందరి ముందు ఒప్పుకోవాలి. వాలిద్ చేసిన నేరానికి ఔలాద్ విరాసత్ పోకూడదు అని కూడా రాశారు.

ఇక్కడ "దుష్మన్" అంటే మనకు నచ్చని దేశం కాదు, బహిరంగంగా జంగ్‌లో ఉన్న దేశం. అసలు కీలకం ఇదే.

తొమ్మిదేళ్లకే దీనికి ఇమ్తిహాన్ వచ్చింది. 1796 అధ్యక్ష ఎన్నికల్లో ఒకవైపు జాన్ ఆడమ్స్, ఇంకోవైపు థామస్ జెఫర్సన్. అమెరికా బ్రిటన్‌తో చేసుకున్న ముఆహదా మీద ఫ్రాన్స్‌కు కోపం. ఫ్రెంచ్ సఫీర్ పియర్ అడే తమ హుకూమత్ ఫిర్యాదులను ఫిలడెల్ఫియా అఖ్బార్‌లో, సరిగ్గా ఓట్ల ముందు అచ్చు వేయించాడు. జెఫర్సన్ గెలిస్తే దోస్తీ, లేకపోతే గొడవ అన్నది దాని మత్లబ్. ఆడమ్స్ 71 ఓట్లతో గెలిచాడు, జెఫర్సన్‌కు 68 వచ్చాయి. ఇది పచ్చి విదేశీ దఖల్. అయినా గద్దారీ కేసు ఎవరి మీదా పడలేదు. సఫీర్ పరాయి దేశం మనిషి, ఫ్రాన్స్‌తో అప్పుడు జంగ్ లేదు.

మరి ఖౌఫ్ ఎక్కడికి పోతుంది? ఇంకో దారి వెతుక్కుంది. 1798లో ఆడమ్స్ పార్టీ కొన్ని కొత్త ఖానూన్లు తెచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్లు అమెరికా షహ్రీ కావడానికి అయిదేళ్లు ఆగితే చాలేది, దాన్ని పద్నాలుగేళ్లు చేశారు. అలా వచ్చినవాళ్లు ఎక్కువగా జెఫర్సన్ పార్టీకి ఓటేస్తారన్న లెక్క అందులో ఉంది. హుకూమత్‌ను బద్‌నామ్ చేసే రాతలు రాస్తే ఖైదు. ఐర్లండ్‌లో పుట్టిన మాథ్యూ లయన్ అనే కాంగ్రెస్ సభ్యుడికి నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జుర్మానా పడ్డాయి. అవామ్ అతన్ని జైల్లో ఉండగానే మళ్లీ గెలిపించారు! చూశారా, ఫ్రెంచ్ సఫీర్ చేసిన పనికి సజా పడింది సొంత దేశంలోని ముఖాలిఫ్‌ల మీద, వలస వచ్చినవాళ్ల మీద.

జెఫర్సన్ తఖ్త్ ఎక్కాక ఆయనా అదే తోవ పట్టాడు. తన కింద ఉపాధ్యక్షుడిగా పనిచేసిన ఆరన్ బర్, దేశాన్ని చీల్చడానికి సాజిష్ చేశాడని వార్త వచ్చింది. ముఖద్దమా మొదలు కాకముందే, 1807 జనవరిలో జెఫర్సన్ అతను ముజ్రిమ్ అని కాంగ్రెస్‌కు చెప్పేశాడు. రిచ్‌మండ్ అదాలత్‌లో చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ మాత్రం సుబూత్ అడిగాడు. ఒహాయో నదిలోని దీవి మీద మనుషులు పోగైన రోజున బర్ అక్కడ లేనే లేడు. జంగ్ చేశాడని చెప్పే ఇద్దరు గవాహ్‌లూ దొరకలేదు. బర్ నియ్యత్ మంచిదని మార్షల్ ఎక్కడా అనలేదు. సుబూత్ లేకుండా గద్దార్ అనడానికి వీల్లేదన్నాడు, అంతే. సెప్టెంబర్ 1న బర్ బరీ అయ్యాడు.

మన కాలంలో 2016 అమెరికా ఎన్నికల్లో రష్యా దఖల్ చూశాం. 2018లో 13 మంది రష్యన్ల మీద, మూడు రష్యన్ సంస్థల మీద కేసు పెట్టారు. ఇల్జామ్ ఏమిటి? మోసం, సాజిష్, దొంగ గుర్తింపులు. గద్దారీ కాదు. విదేశీ డబ్బు ఎన్నికల్లోకి రాకుండా కూడా అక్కడ వేరే ఖానూన్ ఉంది. అంటే దఖల్‌ను ఊరికే వదిలేయలేదు. ప్రతి జుర్మ్‌కు దాని పేరు, దాని సుబూత్, దాని సజా ఉన్నాయి.

మన వతన్‌లోనూ అంతే. హుకూమత్ మీద జంగ్ చేయటం 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతిలో 121వ సెక్షన్‌గా ఉండేది. అభ్యర్థులు, పార్టీలు విదేశీ విరాళాలు తీసుకోవడం మీద 1976 నుంచి వేరే ఖానూన్ ఉంది. 1962లో కేదార్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు, హింసకు ఉసిగొల్పనంత వరకు హుకూమత్‌ను విమర్శించడం రాజద్రోహం కాదని చెప్పింది. "గద్దార్" అనే సెక్షన్ ఏ పుస్తకంలోనూ లేదు.

ఈ తమీజ్ మనకు పశ్చిమం నేర్పిందని అనుకోకండి. ఫతే మక్కా ముందు సహాబీ హాతిబ్ (రజి) ముస్లింల తయారీ గురించి ఖురైష్‌కు ఖత్ రాశారు. అది తీసుకెళ్తున్న స్త్రీ దగ్గర దొరికింది. గర్దన్ తీయడానికి ఇజాజత్ ఇవ్వమని హజ్రత్ ఉమర్ (రజి) అడిగారు. సుబూత్ చేతిలో ఉంది, సామ్నే జంగ్ ఉంది. అయినా రసూలుల్లాహ్ (స) ముందు హాతిబ్‌నే అడిగారు, ఎందుకిలా చేశావని. మక్కాలో తన కుటుంబాన్ని కాపాడేవాళ్లు లేరని ఆయన చెప్పారు. ఆ మాట విన్నారు, నిజమేనన్నారు, ఆయన బద్ర్‌లో పాల్గొన్న మనిషని గుర్తు చేశారు, వదిలేశారు.

ఈ వాఖియాను మన పిల్లలకు చెప్పండి. ఎవరైనా వాళ్లను గద్దార్ అంటే తల దించుకోవద్దని, ఏ ఖానూన్, ఏ పని, ఎవరు గవాహ్ అని తమీజ్‌గా అడగమని చెప్పండి. అంతకన్నా ముఖ్యంగా, వాట్సాప్‌లో ఇంకొకరిని గద్దార్ అంటూ ఏదైనా వచ్చినప్పుడు మన వేలు కూడా అక్కడే ఆగాలి. తహ్‌కీఖ్ చేయకుండా ఖబర్ నమ్మొద్దని సూరె హుజురాత్ మనకే చెప్పింది.

అల్లాహ్ హాఫిజ్.